సముద్రం దాటే ముందు కాగితం చదువుదాం



మా సంఘం ద్రాక్షారామానికి దగ్గరలో, పంటకాలువ గట్టు వెంబడి ఉన్న పేటలో కూడుకుంటుంది. ఆరాధన ముగిశాక ప్రార్థన మనవులు చెప్పమంటే ఒకప్పుడు జ్వరాలు, పొలం తగవులు, పిల్లల పరీక్షలు చెప్పేవారు. ఇప్పుడు వాటితో సమానంగా వినబడే మాట ‘వీసా’. “అయ్యగారండీ, మా కోడలికి కువైట్ వీసా రావాలని ప్రార్థన చేయండి,” “మా అబ్బాయికి దుబాయ్‌లో మెడికల్ పాసవ్వాలండి,” అని చెబుతుంటారు. మేము ప్రార్థిస్తాము. అయితే ప్రార్థన ముగిశాక మేము అడిగే ప్రశ్న ఒకటుంది. “అమ్మా, ఆ కాగితంలో ఏమి రాసి ఉందో ఎవరైనా చదివారా?” చాలాసార్లు జవాబు ఒక్కటే: “ఏజెంటు గారి దగ్గరుందండి.”

ఈ ప్రశ్నను గూర్చియే ఈ నెల మీతో మాట్లాడాలని కోరుచున్నాము. విదేశం వెళ్ళడం తప్పని చెప్పడానికి కాదు. వరికోత యంత్రాలు వచ్చాక ఆడవారికి దొరికే కోత కూలి ఎంత తగ్గిపోయిందో మన డెల్టాలో అందరికీ తెలుసు. తాటాకు కప్పు తీసి శ్లాబు వేసుకోవాలని, ఆడపిల్లను నర్సింగు చదివించాలని, వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చాలని వెళ్ళేవారిని ఆశపోతులు అని నిందించడం మా వల్ల కాదు. కరవు వచ్చినప్పుడు బేత్లెహేము నుండి ఎలీమెలెకు కుటుంబం కూడా మోయాబుకు వలస పోయింది కదా!

పైగా సముద్రం దాటడం మన ప్రాంతానికి కొత్త కాదు. కోరంగి రేవు నుండి, తరువాత కాకినాడ నుండి ఓడలెక్కి బర్మా వెళ్ళినవారు మన ముత్తాతల తరంలో ఎందరో ఉన్నారు. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు వారిలో అనేకులు కాలినడకన తిరిగి వచ్చారు, దారిలోనే రాలిపోయినవారు కూడా ఉన్నారు. అంతకు చాలా ముందే, 1828 ప్రాంతంలో, ఫ్రెంచివారి యానాం నుండి రీయూనియన్ ద్వీపపు తోటలకు తెలుగు కూలీలను తీసుకుపోయారు. ఆ శతాబ్దంలోనే భూగోళానికి అవతలి వైపునున్న కరీబియను సముద్రపు ద్వీపాలకు చేరిన కూలీలలోనూ తెలుగువారు ఉన్నారు. వారిలో చాలామంది తాము వేలిముద్ర వేసిన ఒప్పందాన్ని చదవలేనివారు. ఎన్ని సంవత్సరాలు పని చేయాలో, తిరుగు ఓడ ఎవరు ఎక్కిస్తారో ఇతరులు చెప్పినదే వారికి తెలిసినది.

ఈ రోజున మన పిల్లలకు చదువు వచ్చింది, చేతిలో ఫోను ఉంది. అయినను కాగితం మాత్రం ఇంకా ఏజెంటు సంచిలోనే ఉంటున్నది.

ఒక తల్లి అడిగిన ఉత్తరం

కొంతకాలం క్రితం మా సంఘంలోని ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ చెల్లెలికి 26 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. భర్త కొబ్బరి దింపు పనికి వెళ్ళి చెట్టు మీద నుండి పడ్డాక బరువు పని చేయలేకపోతున్నాడు. ఎవరో ఏజెంటు గల్ఫ్‌లో ఇంటి పని చూపిస్తానన్నాడట. “వయసు ముప్పై దాటిందని ఒక్క కాయితం ఇప్పించండి అయ్యగారండీ. బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్నట్టు రాస్తే సరిపోద్దంట,” అని ఆమె అడిగింది.

మేము ఇవ్వలేమని చెప్పాము. ఆమెకు కోపం వచ్చింది. “మీరు ఒక్క సంతకం పెడితే మా ఇల్లు నిలబడుద్ది,” అని కన్నీళ్ళు పెట్టుకొని వెళ్ళిపోయింది. మూడు వారాలు ఆరాధనకు రాలేదు. ఆ మూడు వారాలూ మా ఇంట్లో కూడా భారంగానే గడిచాయి. పాస్టరమ్మ గారు వారింటికి రెండుసార్లు వెళ్ళి మాట్లాడి వచ్చింది. నాలుగవ వారం ఆ తల్లీ కూతుళ్ళు వచ్చినప్పుడు, ఎందుకు ఇవ్వలేమో కూర్చోబెట్టి వివరంగా చెప్పాము. వారికి చెప్పినదే మీకును చెప్పుచున్నాము.

మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం అని ఒకటి ఉన్నది. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఇ.సి.ఆర్.’ తరగతికి చెందుతుంది. అనగా గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే ప్రభుత్వ అధికారి అనుమతి పొందాలి. కువైట్, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా ఆ జాబితాలోనివే. ఆ అధికారి యజమాని ఎవరు, జీతం ఎంత, ఒప్పందం ఉన్నదా లేదా అని చూస్తాడు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద ఇంటి పనికి వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్ళు ఉండాలని నిబంధన. ఇటువంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాక ప్రభుత్వ సంస్థల ద్వారా పంపాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మన రాష్ట్రంలో అటువంటి సంస్థ ‘ఓంక్యాప్’, అనగా ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ లిమిటెడ్.

“ఆ ముప్పై ఏళ్ళ లెక్క మా పొట్ట కొట్టడానికే పెట్టారండీ,” అని ఆ తల్లి అన్నది. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. దారి మూసినంత మాత్రాన ఆకలి ఆగదు. కాని వయసు దిద్ది వెళ్ళిన బిడ్డ అక్కడ ఆపదలో పడితే ఏమవుతుంది? పాస్‌పోర్టులో ఒక వయసు, ఆధార్‌లో ఒక వయసు, బడి రికార్డులో ఇంకొక వయసు. ఫిర్యాదు చేయబోతే ముందు తానే దొంగగా నిలబడాలి. ఆ భయంతో నోరు తెరవదు. నోరు తెరవలేని పనిమనిషి కంటే చెడ్డ యజమానికి కావలసినదేమున్నది?

అబ్రాహాము ఐగుప్తు పొలిమేరలో ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పించాడు. ఆ అబద్ధపు భారమంతా మోసింది శారాయే. ఆమెనే రాజు ఇంటికి తీసుకుపోయారు. పొలిమేర దగ్గర మనం చెప్పించే అబద్ధం ఎవరి మీద పడుతుందో ఆలోచించాలి.

విజిట్ వీసా అనే దొంగదారి

వయసు చాలనివారిని, అనుమతి రానివారిని ఏజెంట్లు ‘విజిట్ వీసా’ మీద పంపిస్తుంటారు. చుట్టపు చూపుగా వెళ్తున్నట్టు దుబాయ్ చేర్చి, అక్కడి నుండి మరొక దేశానికి తరలిస్తారు. విమానాశ్రయంలో ఎవరైనా అడిగితే “మా చెల్లెలిని చూడటానికి వెళ్తున్నాను” అని చెప్పమని నేర్పుతారు. చుట్టపు చూపు వీసా మీద పని చేయడం ఆ దేశాల్లో నేరం. గడువు దాటితే రోజుకింత చొప్పున జరిమానా పడుతుంది.

మాకు తెలిసిన ఒక సహోదరి పక్క పేట నుండి ఇలాగే వెళ్ళింది. ఆమె దిగిన దేశం ఒకటి, పనిలో పెట్టిన దేశం మరొకటి. ఒప్పందం లేదు. ఇంటి చిరునామా కూడా ఆమెకు తెలియదు. నెలల తరబడి జీతం అందలేదు. ఫోను తీసేసుకున్నారు. ఇక్కడ ఆమె భర్త మా దగ్గరకు వచ్చినప్పుడు మేము అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయన తల అడ్డంగా ఊపాడు. పాస్‌పోర్టు నెంబరు? తెలియదు. యజమాని పేరు? తెలియదు. ఏ ఊరు? తెలియదు. ఏజెంటు ఫోను స్విచ్ఛాఫ్. ఆమెను వెతికి ఇంటికి చేర్చడానికి ఏడాది దాటింది. మనిషి దక్కింది, అదే దేవుని కృప. కాని అప్పు రెండింతలైంది.

మరొక సహోదరి మా సంఘంలోనిదే, వయసు 38. ఆమె అనుమతి పొంది, ఒప్పందం తీసుకొని కువైట్ వెళ్ళింది. వెళ్ళే ముందు ఆమె పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితం అన్నిటికీ జిరాక్సులు తీయించి ఒక కవరులో పెట్టి మాకు ఇచ్చింది. అక్కడ ఆమెకూ కష్టం వచ్చింది. నాలుగు నెలలు జీతం ఆపేశారు. అయితే ఆమె కుమారుడు ఆ కవరు తెరిచి, యజమాని పేరు, ఒప్పందం నెంబరు చూసి ఫిర్యాదు చేయగలిగాడు. ఆమెకు రావలసినదంతా రాలేదు. రెండు నెలల జీతం, తిరుగు టిక్కెట్టు వచ్చాయి. కొద్ది నెలలు ఇంటి దగ్గర ఉండి మరల మంచి చోటికి వెళ్ళింది. ఇద్దరికీ కష్టమే వచ్చింది. చేతిలో చదివిన కాగితం ఉన్నది ఒకరికి, లేనిది మరొకరికి. మేము చెప్పదలచినది ఈ తేడాను గూర్చియే.

వెళ్ళే ముందు చూడవలసినవి

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పేరు సంగతి మన కుటుంబాల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. బడిలో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు మరొకటి, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు ఉన్నవారిని విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వబోమని 2022 నవంబరులో యు.ఎ.ఇ. ప్రకటించింది. గనుక కాగితాలన్నిటిలో పేరు ఒకేలా ఉండేట్టు ముందుగానే సరిచేయించుకోండి. సంఘం ఇచ్చే బాప్తిస్మపు పత్రం పుట్టిన తేదీకి రుజువుగా చెల్లదు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన బిడ్డల పాస్‌పోర్టుకు జనన ధృవపత్రమే కావాలి. కాబట్టి బిడ్డ పుట్టగానే పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో నమోదు చేయించడం మరువకండి.

ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదా అని ‘ఈ-మైగ్రేట్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. ఇంటర్ చదివిన పిల్లవాడెవడైనా అయిదు నిమిషాల్లో చూసి చెప్పగలడు. మన ఊళ్ళకు వచ్చి టీ కొట్టు దగ్గర కూర్చొని పేర్లు రాసుకునేవారు చాలావరకు సబ్‌ఏజెంట్లు. అటువంటివారికి చట్టంలో చోటు లేదు. రిజిస్టరైన ఏజెంటు తన సేవకు తీసుకోదగినది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. దానికి రసీదు ఇవ్వాలి. లక్ష, రెండు లక్షలు అడిగి రసీదు ఇవ్వనన్నవాడు ఎంత దగ్గరి చుట్టమైనా, మన సంఘస్థుడే అయినా, మీ బంగారం అతని చేతిలో పెట్టకండి.

వీసాలో ఏ పని అని రాసి ఉందో చదివించుకోండి. కువైట్‌లో 20వ నెంబరు వీసా ఇంటి పనికి, 18వ నెంబరు వీసా కంపెనీల్లో పనికి. డ్రైవరు పని అని చెప్పి ఎడారిలో గొర్రెల కాపరిగా పెట్టిన కథలు మీరూ విని ఉంటారు. ‘ఫ్రీ వీసా’, ‘ఆజాద్ వీసా’ అనే పేరుతో అమ్మే వీసా ఏదీ చట్టంలో లేదు. కాగితంలో ఉన్న యజమాని దగ్గర కాక మరొక చోట పని చేస్తే పట్టుబడినది మీరే అవుతారు.

అనుమతి పొంది వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే బీమా ఉన్నది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తుంది. విజిట్ వీసా మీద వెళ్ళినవారికి ఇది ఉండదు. పదవ తరగతి పాసైనవారికి ప్రొటెక్టర్ అనుమతి అవసరం లేదు. దానిని సౌఖ్యమని తలంచవద్దు. వారి కాగితాలు చూసే అధికారి లేడు గనుక ఇంటివారే ఆ పని చేయవలెను.

ఒంటి సంగతి

గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేవారికి ముందే వైద్య పరీక్ష చేస్తారు. ఛాతీ ఎక్స్‌రే, హెచ్.ఐ.వి., కామెర్లు కలిగించే హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు ఉంటాయి. స్త్రీలకు గర్భ పరీక్ష కూడా చేస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ మచ్చ ఊపిరితిత్తుల మీద కనబడినా ‘అన్‌ఫిట్’ అంటారు. అక్కడ దిగాక మరల పరీక్ష చేస్తారు, తేడా వస్తే తిప్పి పంపుతారు. కాబట్టి ఏజెంటుకు పైకం కట్టకముందే మన ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి ఎక్స్‌రే, రక్త పరీక్ష చేయించుకుంటే అప్పు మిగులుతుంది. ఒకవేళ జబ్బు బయటపడితే దానిని సిగ్గుగా ఎంచి దాచకండి. క్షయకు మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

బి.పి., షుగరు మందులు వాడేవారు ఇంగ్లీషులో డాక్టరు చీటీ, మందులు అసలు అట్టపెట్టెల్లోనే తీసుకువెళ్ళాలి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కొడీన్ కలిసిన దగ్గు మందులు అక్కడ మత్తు పదార్థాల లెక్క. మన ఇంట్లో మసాలాలో వేసే గసగసాలు కూడా యు.ఎ.ఇ., సౌదీ అరేబియా వంటి దేశాల్లో నిషిద్ధం. ఆవకాయ జాడీతో పాటు గసగసాల పొట్లం కట్టి ఇచ్చే అత్తమ్మలు ఈ మాట గుర్తుంచుకోండి. ఇతరులు “మా వాళ్ళకు ఇవ్వండి” అని ఇచ్చిన పచ్చడి డబ్బా విప్పి చూడకుండా తీసుకెళ్ళవద్దు. అందులో గంజాయి దొరికితే డబ్బా మోసినవారే శిక్ష పొందుతారు.

ఎండ మనకు కొత్త కాదని అనుకోవద్దు. కువైట్‌లోని మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది. అందువలన అక్కడి ప్రభుత్వాలు మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలని నిబంధన పెట్టాయి. కువైట్‌లో జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుండి సాయంత్రం 4 వరకు. యు.ఎ.ఇ.లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పగలు 12.30 నుండి 3 వరకు. దాహం వేసేవరకు ఆగకుండా నీళ్ళు తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీరు చాలలేదని గుర్తు. తల తిరిగి, చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్ళు తడిపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చలికాలంలో మరొక ఆపద ఉన్నది. ఎడారిలో రాత్రి చలి ఎక్కువ. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోయి, ఆ విషవాయువు వల్ల ఉదయానికి లేవనివారు ఉన్నారు. ఆ వాయువుకు వాసన ఉండదు. కుంపటి గదిలో పెట్టుకోనే వద్దు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తెల్లవారుజామున అంటుకొని 45 మందికి తగ్గకుండా భారతీయులు మరణించారు, వారిలో ముగ్గురు మన రాష్ట్రంవారు. కొత్త గదిలో దిగిన మొదటి రోజే బయటకు రెండవ దారి ఎటున్నదో, మేడమీది తలుపుకు తాళం ఉన్నదో లేదో చూసుకోండి.

ఇప్పుడు మన మధ్యతరగతి కుటుంబాల పిల్లలు వైద్యవిద్య కోసం గయానాకు, కరీబియను ద్వీపాలకు కూడా వెళ్తున్నారు. గయానా వంటి దేశాల సంగతిలో ఎల్లో ఫీవర్ టీకా ముఖ్యం. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. ఆ పత్రం లేకుండా అటువంటి దేశాల నుండి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే వేరుగా ఉంచుతారు. అక్కడి చదువు ఇక్కడ చెల్లాలంటే 2021 నాటి జాతీయ వైద్య కమిషను నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. పొలం అమ్మే ముందు ఆ కాగితం కూడా చదవవలసినదే.

అక్కడ దిగాక

పాస్‌పోర్టు ఫొటో ఫోనులో ఉంచుకోవడమే కాక, నెంబరు కంఠస్థం చేయండి. కువైట్‌లో 2015 నాటి 68వ నెంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారి పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు ఇవ్వాలి. చట్టం ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తున్నారని కాదు. తన హక్కు తెలిసిన మనిషి అడగగలదు, తెలియని మనిషి అడగలేదు.

కొట్టినా, అన్నం పెట్టకపోయినా, చెడుగా ప్రవర్తించినా మేడ మీద నుండి దూకడం, తెలియనివారి కారు ఎక్కడం చేయవద్దు. భారత రాయబార కార్యాలయానికి చేరాలి. కువైట్‌లో అటువంటి స్త్రీలకు రాయబార కార్యాలయపు ఆశ్రయ గృహం ఉన్నది. టిక్కెట్టుకు డబ్బులేని వారికి, చనిపోయినవారి దేహాన్ని ఇంటికి చేర్చడానికి 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. ఇంటి దగ్గర ఉన్నవారు 1800 11 3090 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, 2015లో మొదలైన ‘మదద్’ అనే వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

యుద్ధాలు వచ్చే ప్రాంతమని కూడా మరువకూడదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డానులోని అమ్మాను మీదుగా విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. అటువంటి రోజున పేరు, చిరునామా రాయబార కార్యాలయంలో నమోదై ఉన్నవారిని వెతకడం సులువు. ప్రయాణానికి ముందు ఆ దేశం గూర్చి మన ప్రభుత్వం ఇచ్చే తాజా హెచ్చరికలను కూడా చూడండి.

విశ్వాసుల కొరకు ఒక మాట. కువైట్ నగరంలో 1931 నాటి ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘాలు ఆరాధించుచున్నవి, తెలుగువారు కూడా కూడుకుంటున్నారు. సౌదీ అరేబియాలో అటువంటి బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. ఏ దేశంలోనైనా కరపత్రాలు పంచడం, ఇంటి యజమానితో మత వాదం పెట్టుకోవడం చట్టపు చిక్కులు తెస్తుంది. కువైట్‌లో రంజాను నెలలో పగటిపూట పదిమంది ఎదుట తినడం, తాగడం నేరం. ఆ ఇంటివారి ఉపవాసాన్ని గౌరవించడం మనకు మర్యాద కూడా.

ఇక్కడ ఉన్నవారి బాధ్యత

వెళ్ళినవారికే కాదు, ఉన్నవారికీ మేము చెప్పవలసినది కలదు. అన్నలారా, మీ భార్య ఎండలో, పరాయి ఇంటి వంటగదిలో సంపాదించి పంపిన రూపాయి ఎక్కడికి పోతున్నది? ఆమె పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి, కొంత అందులో ఉండనివ్వండి. అప్పు తీరినంత లెక్క పుస్తకంలో రాసి నెలనెలా ఆమెకు ఫోనులో చదివి వినిపించండి. పిల్లలను అమ్మమ్మ మీద వదిలి మీరు సారా దుకాణం దారి పట్టితే, ఆ తల్లి తిరిగి వచ్చేనాటికి శ్లాబు ఉంటుంది గాని ఇల్లు ఉండదు. పిల్లల బడి సంగతి, ముఖ్యంగా ఎదుగుతున్న ఆడపిల్ల సంగతి, సంఘంలోని పెద్ద స్త్రీలు కూడా కనిపెట్టుకొని ఉండాలి.

మా సంఘంలో ఇప్పుడు ఒక బీరువా అర దీనికోసమే పెట్టాము. విదేశం వెళ్ళే ప్రతి ఒక్కరి పేరున ఒక కవరు. అందులో పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, టిక్కెట్టు జిరాక్సులు, ఏజెంటు రసీదు, యజమాని ఫోను నెంబరు, అక్కడ ఉన్న మనవారి ఫోను నెంబరు ఉంటాయి. ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం కుటుంబమంతా కూర్చుంటే, యౌవనస్థుల్లో చదువుకున్నవారు ఆ కాగితాలను తెలుగులో చదివి చెబుతారు. తరువాతనే ప్రార్థన. వేదాంత డిప్లొమా చదివిన రోజుల్లో ఈ పని మాకెవరూ నేర్పలేదు గాని, నెహెమ్యా గ్రంథంలో ఇది ఉన్నదని ఇప్పుడు కనబడుతున్నది. ఆయన ఉపవాస ప్రార్థన చేసినవాడే. అయినను ప్రయాణమప్పుడు నది అవతలి అధికారులకు చూపడానికి రాజు దగ్గర ఉత్తరాలు అడిగి తీసుకున్నాడు. ప్రార్థన చేశాను కదా, కాగితాలు ఎందుకని ఆయన అనుకోలేదు.

ఆ 26 ఏళ్ళ చెల్లెలు ఇంకా వెళ్ళలేదు. ఎన్నటికీ వెళ్ళదని మేము చెప్పలేము, వారి అప్పు ఇంకా తీరలేదు. ప్రస్తుతం ఓపెన్ స్కూలులో పదవ తరగతికి కట్టింది. రాత్రి పిల్లలు పడుకున్నాక లెక్కలు చేస్తున్నది. ఆ తల్లి మొన్న మాతో, “చదివి పాసైతే అప్పుడైనా కాయితం తనే చదూకుంటదండీ,” అన్నది.

మీ ఇంట్లో, మీ వీధిలో ప్రయాణానికి సిద్ధపడుతున్నవారు ఎవరైనా ఉంటే, ఈ వారమే వారి దగ్గరకు వెళ్ళండి. కాగితాలు చూపమని అడగండి. ఏజెంటు దగ్గర ఉన్నాయంటే, అవి చేతికి వచ్చేవరకు పైకం ఇవ్వవద్దని చెప్పండి. పేటలో చదవగలిగినవారు ఒక్కరున్నా, చదవకుండా ఎవ్వరినీ పంపవద్దు.